రాయి ఎందుకు కరిగింది? నల్గొండ నీళ్లలో రసాయన సమతాస్థితి

నల్గొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు ఊళ్లలో ఏళ్ల తరబడి బోరు నీళ్లు కాచిన గిన్నె లోపల చూస్తే అడుగున తెల్లటి పొర కనిపిస్తుంది. గోకితే పెచ్చులుగా లేస్తుంది. చింతపండు పెట్టి రుద్దితే సన్నటి నురగ వచ్చి కరిగిపోతుంది. ఇళ్లలో దీన్ని "ఉప్పు పట్టింది" అంటారు. నిజానికి అది ఉప్పు కాదు, సున్నపురాయి. రసాయనశాస్త్రం భాషలో కాల్షియం కార్బొనేట్.

ఆ పొరను చూసినవాళ్లకు ఒక ధైర్యం కలుగుతుంది. నీళ్లలోని చెడంతా అడుగున పేరుకుంది, పైన మిగిలినవి మంచి నీళ్లే అనిపిస్తుంది. క్రిముల సంగతైతే అది నిజమే, మరిగిస్తే చస్తాయి. పళ్లకు గార, ఎముకలకు వంకర తెచ్చే ఫ్లోరైడ్ విషయంలో మాత్రం జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. కాచినప్పుడు కిందికి దిగింది కాల్షియం. ఫ్లోరైడ్ నీళ్లలోనే ఉండిపోయింది. కొంత నీరు ఆవిరైపోయింది కాబట్టి మిగిలిన ప్రతి లీటరులో ఫ్లోరైడ్ మోతాదు ముందుకన్నా కాస్త పెరిగింది. పైగా ఫ్లోరైడ్‌ను అదుపులో పెట్టే కాల్షియం కాస్తా గిన్నెకు అంటుకుపోయింది.

గిన్నెలో అరగంటలో జరిగే ఈ పనే భూమి లోపల, గ్రానైట్ రాయి పగుళ్లలో వేల ఏళ్లుగా జరుగుతోంది. నల్గొండ నీళ్ల కథను అర్థం చేసుకోవడానికి ఇంటర్ మొదటి సంవత్సరం కెమిస్ట్రీలో వచ్చే "రసాయన సమతాస్థితి" పాఠం చాలు. పరీక్షలో నాలుగు మార్కుల కోసం బట్టీ పట్టి వదిలేసే పాఠం అది. కానీ పాఠం చెప్పేటప్పుడు వాడే ఉదాహరణలు ఎక్కడో జర్మనీ ఫ్యాక్టరీలవి. మన బావి పక్కనే అంతకన్నా మంచి ఉదాహరణ ఉంది.

సమతాస్థితి అంటే

ఫంక్షన్ హాల్లో పెళ్లి జరుగుతోందనుకోండి. పైన మండపం, కింద భోజనాలు. మొదట్లో అందరూ పైనే ఉంటారు. మెల్లగా కిందికి దిగడం మొదలవుతుంది, తిన్నవాళ్లు మళ్లీ పైకి వస్తుంటారు. కాసేపటికి నిమిషానికి ఎంతమంది దిగుతున్నారో అంతమంది ఎక్కుతుంటారు. పైన లెక్కబెడితే అదే సంఖ్య, కింద లెక్కబెట్టినా అదే సంఖ్య. కానీ మెట్ల మీద నడక ఆగలేదు. రసాయన సమతాస్థితి అంటే సరిగ్గా ఇదే. పురోగామి (ముందుకు నడిచే) చర్య ఎంత వేగంగా జరుగుతుందో తిరోగామి (వెనక్కి నడిచే) చర్య కూడా అంతే వేగంతో జరుగుతుంది. బయటి నుంచి చూస్తే ఏమీ మారనట్టు ఉంటుంది. లోపల మాత్రం క్షణం కూడా తీరిక ఉండదు.

ఇప్పుడు కింద తిన్నవాళ్లలో వందమంది పైకి రాకుండా అటునుంచి అటే బస్సెక్కి వెళ్లిపోయారనుకోండి. ఎక్కేవాళ్లు తగ్గుతారు, దిగేవాళ్లు మాత్రం మునుపటిలాగే దిగుతుంటారు. కింద పడిన ఖాళీ కొంత నిండుతుంది, కానీ పూర్తిగా నిండదు, ఎందుకంటే పైన కూడా జనం తగ్గారు. కొత్త లెక్క దగ్గర మళ్లీ నిలకడ వస్తుంది. ఈ "కొంత" అన్న మాట ముఖ్యం. ఫ్రెంచ్ శాస్త్రవేత్త హెన్రీ లె షాటెలియే 1884లో చెప్పిన సూత్రం ఇదే. సమతాస్థితిలో ఉన్న వ్యవస్థలో గాఢత గానీ, పీడనం గానీ, ఉష్ణోగ్రత గానీ మారితే, ఆ మార్పును కొంతవరకు తగ్గించే వైపుకు చర్య జరుగుతుంది. మన పుస్తకాల్లో ఆయన పేరును లీ చాట్లియర్ అని అచ్చు వేస్తారు.

"వ్యవస్థ మార్పును వ్యతిరేకిస్తుంది" అని చాలామంది నేర్పుతారు. అలా చెబితే ద్రావణానికేదో పట్టుదల ఉన్నట్టు పిల్లలకు అనిపిస్తుంది. అక్కడ పట్టుదలా లేదు, పంతమూ లేదు. ఒక పదార్థం గాఢత పెరిగితే దాని కణాలు ఇతర కణాలను తాకే సందర్భాలు పెరుగుతాయి, ఆ దిక్కు చర్య జోరందుకుంటుంది. తగ్గితే మందగిస్తుంది. రెండు వేగాలు మళ్లీ సమానమయ్యేదాకా లెక్కలు మారుతుంటాయి. అంతే.

గ్రానైట్ పగుళ్లలో జరిగేది

నల్గొండ కింద ఉన్నది గ్రానైట్. ఇక్కడి గ్రానైట్‌లో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలున్నాయి. ఫ్లోరైట్ ఉంది, నల్ల అభ్రకం ఉంది, కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజమైన అపటైట్ ఉంది. అందులో ఫ్లోరైట్ అంటే కాల్షియం, ఫ్లోరైడ్ కలిసిన రాయి. దానిలో ఒక కాల్షియం అయాన్‌కు రెండు ఫ్లోరైడ్ అయాన్లు ఉంటాయి (అయాన్ అంటే విద్యుదావేశం ఉన్న కణం). నీళ్లలో పడితే చాలా కొద్దిగా కరుగుతుంది. కరిగిన అయాన్లలో కొన్ని మళ్లీ కలిసి రాయిగా మారుతుంటాయి. రెండు వేగాలూ సమానమైన చోట ఒక లెక్క కుదురుతుంది. కాల్షియం గాఢతను ఫ్లోరైడ్ గాఢత వర్గంతో (ఆ గాఢతను దానితోనే గుణిస్తే వచ్చేది) గుణిస్తే వచ్చే విలువ స్థిరంగా ఉంటుంది. దీన్నే ద్రావణీయతా లబ్ధం అంటారు. గాఢతలను లీటరుకు మోల్‌లలో లెక్కిస్తే, 25 డిగ్రీల దగ్గర ఫ్లోరైట్‌కు అది సుమారు 3.5 × 10⁻¹¹.

ఈ ఒక్క సంఖ్య చేతిలో ఉంటే మిగతాదంతా కాగితం మీద లెక్క కట్టవచ్చు. నీళ్లలో కాల్షియం లీటరుకు 160 మిల్లీగ్రాములు ఉంటే, ఫ్లోరైట్ నుంచి ఫ్లోరైడ్ గరిష్ఠంగా 1.8 మిల్లీగ్రాముల దాకా రాగలదు. కాల్షియం 40 మిల్లీగ్రాములకు పడిపోతే ఫ్లోరైడ్ 3.6 దాకా పోతుంది. కాల్షియం 10కి దిగితే 7.1. అంటే కాల్షియం నాలుగో వంతైతే ఫ్లోరైడ్ రెట్టింపవుతుంది. ఇతర లవణాలు ఎక్కువున్న అసలు బావి నీళ్లలో ఈ అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి గానీ దిశ మారదు. తాగేనీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా. ఈ అంకెల పక్కన పెట్టి చూస్తే 7.1 అంటే ఏమిటో తెలుస్తుంది.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. "మా ఊరి కింద ఫ్లోరిన్ రాయి ఎక్కువుంది, అందుకే నీళ్లలో ఎక్కువ" అనే మాట తరచూ వినిపిస్తుంది. రాయి ఉండాలన్నది నిజమే. కానీ ఫ్లోరైట్ కొంత ఉన్నాక ఇంకా ఎంత ఉందన్నది లెక్కలోకి రాదు. గ్లాసు నీళ్లలో అడుగున చెంచా ఉప్పు మిగిలినా, గుప్పెడు ఉప్పు మిగిలినా నీళ్లలో కరిగిన ఉప్పు అంతే. ఘనపదార్థం పరిమాణం సమతాస్థితిని కదిలించదు. ఫ్లోరైట్ నీళ్లకు ఒక పైమూత లాంటిది. ఆ మూత ఎంత ఎత్తున ఉండాలో చెప్పేది రాయి కాదు, నీళ్లలో ఉన్న కాల్షియం. ఒకే రకం రాయి మీద ఉన్న రెండు ఊళ్లలో నీళ్లు వేర్వేరుగా ఉండటానికి ఇదొక ముఖ్య కారణం.

మరి కాల్షియం ఎందుకు తగ్గుతోంది? వాన నీరు మట్టిలోకి దిగేటప్పుడు వేళ్లు, సూక్ష్మజీవులు వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుంటుంది. ఆ పులుపు నీరు రాతిలో ఎక్కువగా ఉండే ఖనిజమైన ఫెల్డ్‌స్పార్‌ను మెల్లగా కొరుకుతుంది. సోడియం, కాల్షియం, వాటితోపాటు బైకార్బొనేట్ నీళ్లలో చేరతాయి. దక్షిణ తెలంగాణలో వానలు తక్కువ, ఎండలు ఎక్కువ. నీరు ఆవిరవుతున్నకొద్దీ మిగిలింది చిక్కబడుతుంది. అప్పుడు ముందుగా విడిపోయేది కాల్షియం కార్బొనేట్. బావి తవ్వేటప్పుడు మట్టి పొరల్లో కనిపించే తెల్లటి సున్నపు గడ్డలు అవే. నీళ్లలో నుంచి కాల్షియం బయటికి పోయింది, సోడియం, బైకార్బొనేట్ మిగిలాయి. ఫ్లోరైట్ సమతాస్థితిలో ఒక చేయి ఖాళీ అయింది. ఖాళీని పూడ్చడానికి ఇంకాస్త ఫ్లోరైట్ కరుగుతుంది. కొత్తగా వచ్చిన కాల్షియం కూడా మళ్లీ సున్నపు గడ్డల్లోకే పోతుంది. కాబట్టి ఇంకా కరుగుతుంది. ఫంక్షన్ హాల్లో తిన్నవాళ్లు తిన్నట్టే బస్సెక్కి వెళ్లిపోతుంటే పైనుంచి దిగడం ఎప్పటికీ ఆగనట్టు.

లోతు బోర్ల నీళ్లకు ఇంకో సంగతి తోడవుతుంది. రాతి పగుళ్లలో ఎక్కువ కాలం నిలిచిన నీటికి బంకమట్టి ఖనిజాలతో బేరం నడుస్తుంది. నీళ్లలోని కాల్షియాన్ని మట్టి తీసుకుంటుంది, బదులుగా సోడియం ఇస్తుంది. కాల్షియం మరింత తగ్గుతుంది. నీళ్ల క్షార గుణం పెరిగితే హైడ్రాక్సైడ్ అయాన్లు అభ్రకంలోని ఫ్లోరైడ్‌ను కూడా నెట్టేసి ఆ చోట కూర్చుంటాయి. ఈ రెండు అయాన్లు దాదాపు ఒకే సైజు, ఒకే ఆవేశం. ఒకదాని కుర్చీలో ఇంకొకటి ఇబ్బంది లేకుండా సర్దుకుంటుంది. ఈ కుర్చీలాట ముందుముందు ఫిల్టర్‌లో, పంటిలో మళ్లీ కనిపిస్తుంది.

దీని వల్ల మన నాలుక, మన చెయ్యి రెండూ మోసపోతాయి. సబ్బు నురగ రాని, పప్పు ఉడకని నీళ్లను చెడ్డ నీళ్లంటాం. అవి కాల్షియం ఎక్కువున్న కఠిన జలాలు. సబ్బు చక్కగా నురగొచ్చే, పప్పు మెత్తగా ఉడికే నీళ్లను మంచి నీళ్లంటాం. గ్రానైట్ ప్రాంతపు బోర్లలో ఆ మెత్తటి నీళ్లే ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు కావచ్చు. ఫ్లోరైడ్‌కు ఈ మోతాదుల్లో రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. పరీక్ష చేయించడం తప్ప వేరే దారి లేదు.

చవుడు భూమి, ఈజిప్టు చెరువులు

చర్య ఏ దిక్కుకు నడవాలో పదార్థాల మోతాదు కూడా నిర్ణయిస్తుందని మొదట గట్టిగా పట్టుకున్నది ఫ్రెంచ్ రసాయనశాస్త్రవేత్త బెర్తొలే. 1798లో నెపోలియన్ దండుతో ఈజిప్టు వెళ్లినప్పుడు అక్కడి ఉప్పు చెరువుల గట్ల మీద సోడియం కార్బొనేట్ పేరుకుని ఉండటం చూశాడు. ప్రయోగశాలలో సోడియం కార్బొనేట్‌ను, కాల్షియం క్లోరైడ్‌ను కలిపితే సున్నపురాయి, మామూలు ఉప్పు వస్తాయి. చెరువు గట్టు మీద సరిగ్గా దీనికి ఎదురు చర్య నడుస్తోంది. లెక్కలేనంత ఉప్పు, లెక్కలేనంత సున్నపురాయి ఒకచోట ఉంటే చర్య వెనక్కి తిరుగుతుందని ఆయన గ్రహించాడు. 1864లో నార్వేకు చెందిన గుల్డ్‌బర్గ్, వాగె దీనికి గణిత రూపమిచ్చారు.

ఆ తెల్లటి గట్టును చూడటానికి పాలమూరు రైతు ఈజిప్టు దాకా వెళ్లక్కర్లేదు. చెరువు కింద పల్లపు మళ్లలో ఎండాకాలం నేల మీద తెల్లటి పొర లేస్తుంది. అదే చవుడు. సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ ఉన్న మన్ను. సబ్బులు రాకముందు చాకలివాళ్లు బట్టలు ఉతికింది ఆ చవుడు మన్నుతోనే. అలాంటి మడిలో వాన పడితే నీరు ఇంకదు, ఆరితే పెళ్లలు కడుతుంది. బంకమట్టి రేణువులకు సోడియం అంటుకుని ఉండటమే కారణం.

దీనికి వ్యవసాయ శాఖ చెప్పే మందు జిప్సం. జిప్సంలోని కాల్షియం మట్టి రేణువుల మీదున్న సోడియాన్ని తప్పించి ఆ చోట కూర్చుంటుంది. ఇది కూడా రెండు దిక్కులా నడిచే చర్యే. జిప్సం చల్లి, మడి కట్టి, నీళ్లు బయటికి పోయే దారి లేకుండా వదిలేస్తే ఏమవుతుంది? విడిపోయిన సోడియం అక్కడే ఉంటుంది. కొంత దూరం వెళ్లి చర్య ఆగిపోతుంది. ఎండకు నీరు ఆవిరయ్యాక సోడియం మళ్లీ పైకి తేలుతుంది. అందుకే జిప్సం వేశాక మంచి నీళ్లు నిలగట్టి, మురుగు కాలువ గుండా బయటికి తీసేయాలంటారు. జిప్సం బస్తాకు పెట్టిన డబ్బు పండేది ఆ మురుగు కాలువ వల్లే. చాలామంది జిప్సం వేసి లాభం లేదని వదిలేయడానికి కారణం జిప్సం కాదు, కాలువ లేకపోవడం.

వేడి సంగతి వేరు

గాఢత మార్చినా, పీడనం మార్చినా సమతాస్థితి స్థిరాంకం (ఫ్లోరైట్ ద్రావణీయతా లబ్ధం లాంటి సంఖ్య) మారదు, దానికి తగ్గట్టు పదార్థాల వాటాలు సర్దుకుంటాయి. ఉష్ణోగ్రత మారిస్తే స్థిరాంకమే మారిపోతుంది. ఈ తేడాను మన పాఠ్యపుస్తకాలు ఇంకాస్త గట్టిగా చెప్పాలి.

దీనికి సున్నపు బట్టీ కన్నా మంచి ఉదాహరణ లేదు. కృష్ణా ఒడ్డున మఠంపల్లి, మేళ్లచెరువు, వాడపల్లి ప్రాంతమంతా సున్నపురాయి. ఒకప్పుడు అంతా ఉమ్మడి నల్గొండ జిల్లానే. సున్నపురాయిని కాలిస్తే పొడి సున్నం, కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. ఈ చర్య వేడిని మింగుతుంది, కాబట్టి వేడి పెంచితే ముందుకు నడుస్తుంది. సుమారు 900 డిగ్రీల దగ్గర రాయి నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ పీడనం మామూలు గాలి పీడనంతో సమానమవుతుంది. 800 డిగ్రీల దగ్గర అది గాలి పీడనంలో నాలుగో వంతు కూడా ఉండదు. బట్టీని మూసిపెట్టి 800 డిగ్రీల దగ్గర ఎన్ని రోజులు కాల్చినా, ఆ కాస్త వాయువు చేరగానే చర్య నిలిచిపోతుంది. అదే వేడిలో బట్టీకి కిందినుంచి గాలి ఆడి, వాయువును ఎప్పటికప్పుడు పైకి లాగేస్తుంటే రాయి సున్నం అవుతూనే ఉంటుంది. బట్టీ కట్టేవాళ్లు కింద గాలి కంతలు వదలడం మంట కోసమే కాదు. ఆ గాలి వాయువును కూడా మోసుకుపోతుంది.

లె షాటెలియే స్వయంగా గనుల ఇంజనీరు, సిమెంట్ మీద పరిశోధన చేసినవాడు. ఆయన పేరు పాఠ్యపుస్తకంలోనే కాదు, మన సిమెంట్ ఫ్యాక్టరీల ల్యాబుల్లోనూ వినిపిస్తుంది. చిన్న ఇత్తడి గొట్టం లాంటి అచ్చు, దానికి రెండు పొడుగాటి సూదులు. దాని పేరు లె షాటెలియే అచ్చు. అందులో సిమెంట్ ముద్ద పెట్టి, నీళ్లలో ఉంచి, మరిగించి, సూదుల కొనలు ఎంత ఎడమయ్యాయో కొలుస్తారు. మామూలు సిమెంట్‌కు 10 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే సిమెంట్‌లో కలవకుండా మిగిలిపోయిన సున్నం ఎక్కువుందని, గోడ కట్టాక అది నీళ్లు పీల్చి ఉబ్బుతుందని అర్థం.

ఈయనే 1901లో నైట్రోజన్, హైడ్రోజన్ వాయువులను ఎక్కువ పీడనంతో కలిపి అమోనియా చేయబోయాడు. గొట్టంలో గాలి కలవడంతో పెద్ద పేలుడు జరిగింది, ప్రయత్నం అక్కడితో ఆపేశాడు. తన సూత్రమే చూపించిన దారిని ఆయన మధ్యలో వదిలేస్తే, 1909లో ఫ్రిట్జ్ హేబర్ ఆ పని చేసి చూపించాడు, 1913కల్లా జర్మనీలో ఫ్యాక్టరీ నడిచింది. యాసంగి నాట్ల వేళ యూరియా కోసం లైన్లో నిలబడే ప్రతి రైతుకూ సంబంధమున్న చర్య ఇది, ఎందుకంటే యూరియా తయారయ్యేది అమోనియా నుంచే. నాలుగు అణువుల వాయువు రెండు అణువులుగా తగ్గుతుంది కాబట్టి పీడనం పెంచితే అమోనియా ఎక్కువ వస్తుంది. చర్య వేడిని విడుదల చేస్తుంది కాబట్టి చల్లగా ఉంచితే ఎక్కువ రావాలి. కానీ చల్లగా ఉంటే చర్య నత్తనడక నడుస్తుంది. అందుకే 400 నుంచి 500 డిగ్రీల మధ్య రాజీ, దానికి ఇనుము ఉత్ప్రేరకం. ఉత్ప్రేరకం రెండు దిక్కుల వేగాన్నీ సమానంగా పెంచుతుంది, సమతాస్థితిని ఒక్క అంగుళం కూడా జరపదు, తొందరగా అక్కడికి చేరుస్తుంది. తయారైన అమోనియాను చల్లబరిచి ద్రవంగా తీసేసి, మిగిలిన వాయువులను మళ్లీ లోపలికి పంపుతారు. ఇక్కడా కిటుకు అదే, వచ్చింది వచ్చినట్టు బయటికి తీసేయడం.

నల్గొండ పద్ధతి

ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన పద్ధతికి ప్రపంచమంతటా "నల్గొండ టెక్నిక్" అనే పేరు స్థిరపడింది. ఒక జిల్లా పేరు ఆ జిల్లా బాధ వల్ల శాస్త్ర గ్రంథాలకు ఎక్కింది.

కాల్షియం తగ్గడమే సమస్య అయితే, సున్నం కలిపి కాల్షియం పెంచితే పోదా అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. లెక్క కడితే జవాబు దొరుకుతుంది. ఫ్లోరైడ్‌ను 1.5కు దించాలంటే నీళ్లలో కాల్షియం లీటరుకు సుమారు 225 మిల్లీగ్రాములు ఉండాలి. 1కి దించాలంటే 500 దాటాలి. తాగేనీటిలో కాల్షియానికి గరిష్ఠ హద్దే 200. ఫ్లోరైడ్ వర్గం రూపంలో ఉండటం వల్ల దాన్ని సగానికి తగ్గించాలంటే కాల్షియాన్ని నాలుగు రెట్లు చేయాలి, ఆ బేరం గిట్టదు. ఫ్లోరైట్ సమతాస్థితిని నమ్ముకుని లాభం లేదు, ఇంకో సమతాస్థితిని తెచ్చిపెట్టాలి.

ఆ పని పటిక చేస్తుంది. ఇంటి స్థాయిలో చేసే తీరు ఇదీ. అడుగుకు కాస్త పైన నల్లా బిగించిన పెద్ద బకెట్. అందులో నీళ్లు పోసి, కొలత ప్రకారం సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక ద్రావణం వేసి మొదట గబగబా, తర్వాత నెమ్మదిగా కలుపుతారు. చూస్తుండగానే నీళ్లలో మబ్బు తునకల్లాంటి తెల్లటి రేకులు పుడతాయి. అది అల్యూమినియం హైడ్రాక్సైడ్. ఫ్లోరైడ్ దాని మీదికి ఎక్కుతుంది, కుర్చీలాటలో హైడ్రాక్సైడ్ దిగి ఫ్లోరైడ్ కూర్చుంటుంది. గంటసేపు కదపకుండా ఉంచితే రేకులు అడుగుకు దిగుతాయి. పైనున్న తేట నీళ్లను నల్లాతో పట్టుకుంటారు. పటిక నీళ్లను పుల్లబరుస్తుంది, సున్నం ఆ పులుపును సర్దుతుంది. నీళ్లు మరీ పుల్లనైనా, మరీ క్షారమైనా రేకులు సరిగా కట్టవు, అల్యూమినియం నీళ్లలోనే కరిగి మిగిలిపోతుంది. అందుకే కొలత తప్పితే పద్ధతి మీదే నమ్మకం పోతుంది. చాలాచోట్ల జరిగిందీ అదే. రోజూ నీళ్ల క్షార గుణం చూసి పటిక కొలిచే ఓపిక, వసతి పల్లె ఇంట్లో ఎవరికి ఉంటుంది?

ఉత్తేజిత అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్ గుళికల) ఫిల్టర్ పనిచేసేదీ ఇదే కుర్చీలాట మీద. కొన్నాళ్లకు కుర్చీలన్నీ ఫ్లోరైడ్‌తో నిండిపోతాయి, ఫిల్టర్ మొండికేస్తుంది. అప్పుడు కాస్టిక్ సోడా ద్రావణం పోస్తారు. హైడ్రాక్సైడ్ గాఢత ఒక్కసారిగా పెరిగి ఫ్లోరైడ్‌ను కుర్చీల మీద నుంచి దింపేస్తుంది. తర్వాత ఆమ్లంతో కడిగితే ఫిల్టర్ మళ్లీ సిద్ధం. భూమిలోపల క్షార జలం అభ్రకం నుంచి ఫ్లోరైడ్‌ను ఎలా దించిందో, ఇక్కడ మనిషి కావాలని అదే పని చేస్తున్నాడు.

పంటిలో, ఎముకలో

పంటి పింగాణీ హైడ్రాక్సీ అపటైట్, అంటే కాల్షియం, ఫాస్ఫేట్, హైడ్రాక్సైడ్ కలిసిన ఖనిజం. అదీ లాలాజలంతో సమతాస్థితిలో ఉంటుంది. తీపి తిన్నాక నోట్లో సూక్ష్మజీవులు ఆమ్లం తయారుచేస్తాయి. ఆమ్లం హైడ్రాక్సైడ్‌ను, ఫాస్ఫేట్‌ను లాగేసుకుంటుంది, ఆ ఖాళీకి పింగాణీ కరుగుతుంది. పీహెచ్ (ఆమ్ల గుణాన్ని చెప్పే కొలత, ఎంత తగ్గితే అంత పులుపు) సుమారు 5.5 కన్నా దిగితే ఈ నష్టం మొదలవుతుంది. హైడ్రాక్సైడ్ కుర్చీలో ఫ్లోరైడ్ కూర్చున్న పింగాణీ సుమారు 4.5 దాకా తట్టుకుంటుంది. టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ వేసేది అందుకే.

మరి నల్గొండ పిల్లల పళ్లకు గార ఎందుకు? ఇక్కడ లె షాటెలియే సూత్రాన్ని సాగదీయకూడదు. దాదాపు ఎనిమిదేళ్లలోపు, చిగురు లోపల పన్ను తయారయ్యే వయసులో ఫ్లోరైడ్ ఎక్కువైతే పింగాణీ కట్టే జీవకణాల పనే చెడిపోతుంది. పన్ను బయటికి వచ్చేటప్పటికే మచ్చలతో వస్తుంది. అది జీవశాస్త్రం, ఒట్టి సమతాస్థితి కాదు.

ఎముక మధ్యస్థంగా ఉంటుంది. అది జీవితాంతం కొంత కొంత కరిగి మళ్లీ కట్టుకుంటూ ఉంటుంది. రక్తంలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్నన్నాళ్లు ఎముకలో చేరుతూనే ఉంటుంది. నీళ్లు మారి ఫ్లోరైడ్ తగ్గితే ఎముకలోనిది కూడా మెల్లగా, ఏళ్ల తరబడి బయటికి వస్తుంది. రసాయనం వెనక్కి తిరుగుతుంది. కానీ గట్టిపడి అతుక్కుపోయిన కీళ్లు, వంగిన వెన్ను వెనక్కి తిరగవు. మంచి నీళ్లు ఆలస్యంగా వచ్చిన ఊళ్లలో ఒక తరం మొత్తం మోసిన బరువు ఇది.

కడుపులో కూడా ఇదే లెక్క కొంత పనిచేస్తుంది. జఠర ఆమ్లంలో ఫ్లోరైడ్ హైడ్రోజన్ ఫ్లోరైడ్‌గా మారి తేలిగ్గా ఒంట్లోకి ఇంకుతుంది. పాలు, పెరుగు లాంటి కాల్షియం ఉన్న ఆహారంతో కలిస్తే ఫ్లోరైడ్‌లో కొంత కాల్షియంతో జతకట్టి ఒంటికి పట్టకుండా పోతుంది. చింతపండు తిన్నవాళ్ల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోవడాన్ని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు గమనించారు. ఇవేవీ మంచి నీళ్లకు బదులు కావు, పేదవాడి పళ్లెంలో పాలు ఎంతుంటాయో అందరికీ తెలుసు.

నది నీళ్లు, మిగిలిన బురద

చివరికి నల్గొండకు ఎక్కువ మేలు చేసింది ఫిల్టర్లు కాదు, నది నీళ్లు. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించి మొదలుపెట్టిన మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు ఇంటింటి నల్లాకూ వచ్చాయి. గ్రానైట్ పగుళ్లలో ఏళ్ల తరబడి నిలవని నీళ్లు అవి, సమతాస్థితి దాకా వెళ్లే సమయమే వాటికి దొరకలేదు. కానీ నల్లా ఇంటి దగ్గర ఉంటుంది, పత్తి చేను దగ్గర ఉండదు. ఎండలో పనిచేసే కూలీ రోజుకు తాగే నీళ్లలో ఎక్కువ భాగం చేను దగ్గర తాగేవే. అక్కడ బోరు నీళ్లే తాగితే ఇంట్లో నల్లా ఉన్నా ఫ్లోరైడ్ ఒంట్లోకి చేరుతూనే ఉంటుంది. ఇంటి నుంచి డబ్బాలో నల్లా నీళ్లు పట్టుకెళ్లడం చిన్న పనే, కానీ ఎముకల లెక్కలో పెద్ద తేడా తెస్తుంది.

పటిక పద్ధతి ఇంకా వాడేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. తేట నీళ్లను అదే రోజు వేరే పాత్రలోకి వంచుకోవాలి. బురదను నీళ్ల కింద రోజుల తరబడి అలాగే ఉంచితే రేకులు పట్టుకున్న ఫ్లోరైడ్ కొంత తిరిగి నీళ్లలోకి దిగుతుంది, ఎందుకంటే పైనున్న నీళ్లలో ఫ్లోరైడ్ ఇప్పుడు తక్కువ. ఆ బురదను బావి గట్టున పారబోస్తే వాన నీరు వచ్చి అదే పని చేస్తుంది. అల్యూమినా ఫిల్టర్‌ను కడిగిన కాస్టిక్ నీళ్లదీ అదే సంగతి. వడపోసిన నీళ్లలో లేని ఫ్లోరైడ్ అంతా ఆ కడుగు నీళ్లలో ఉంది. వాటిని పోసే గుంత బావికి ఎంత దూరంలో ఉంది, అడుగున ఇంకకుండా కట్టు ఉందా అన్నది ఫిల్టర్ పెట్టేనాడే చూడాలి.